పొలమారితే

మా పక్క బువ్వ తింటా పొలమారితే
నడినెత్తిన తట్టి
ఎవురో తల్చుకుంటాండారు అంటాం.
జహ్రాలో, ఈ ఇంట్లో పొలమారితే
చెంచా కింద పెట్టి, వాన్ని ముందుకు వంచి,
ఊపిరి తడిగా ఉందా పొడిగా ఉందా అని
ఈపుకు చెవి ఆనిస్తాం.

మిషాల్‌కు పంతొమ్మిదేండ్లు. ముప్పైయొక్క కిలోలు.
ఆరునెల్ల పసిబిడ్డప్పుడు, ఒక జ్వరం రేత్రి, మొదటి మూర్ఛ.
పుట్టుకలోనే ఒక అచ్చరం తప్పు పడిందంట.
అమ్మ తప్పూ కాదు, నాయిన తప్పూ కాదు,
రాసేటప్పుడు చెయ్యి జారిందంట.
డాక్టరు మాట మామా నూరియా నాకు చెప్పింది
అరబ్బీలో సగం, ఏడుపులో సగం.

ఎండ పడదు వానికి. వేన్నీళ్లు పడవు. వేడన్నం పడదు.
నలభైతొమ్మిది డిగ్రీలు కాలే ఊర్లో
కర్టెన్లేసిన గదిలో
చల్లారిన మచ్‌బూస్‌ను మిక్సీకేసి
డబ్బాపొడి కలిపి చిక్కజేసుకోని కూర్చుంటా.
ఒక గిన్నె. గంటా ముప్పావు.

మింగు నాయినా.
నోట్లో పెట్టుకుంటాడు. బుగ్గలో దాచుకుంటాడు,
ఎవురికో మిగిల్చినట్ల.
మందులు వాని ఆకలిని ముందే తినేసుంటాయి.
మూర్ఛొచ్చి పోయిన దినమైతే
నాలిక దాని పని అది మరిచిపోతాది,
ముద్దంతా పెదవి మూల నుంచి కారిపోతాది.

తల్లి సచ్చిన గొర్రెపిల్లకు సీసాతో పట్టినదాన్ని,
గొంతుకింద నిమిరితే గుటకేస్తాదని తెలుసు నాకు.
నిమిరినా.
మింగడం నేర్పే ఫిలిప్పీను పిల్ల నా చెయ్యి పట్టుకోని
అట్ల చెయ్యగాకు అనింది.
గడ్డం దించు, ఆగు, చూడు అనింది.
ఆగేది నేర్చుకున్యా.

రంజాన్ల ఇల్లంతా నోరు కట్టుకుంటాది.
మట్టమధ్యానం తెరుచుకునే నోరు వానిదొక్కటే.
తెరుచుకుంటాది గానీ
లోపలికి పోనియ్యదు.
వానిది ఉపాసమని ఎవురూ లెక్కెయ్యరు.

మూడుమాట్ల నిమ్ము. మూడోమాటు ఐసీయూ.
అప్పుడన్నారు, పొట్టకు గొట్టం అని.
నోరుండగా పొట్టకు దారి కొడ్తారా అని
మామా వంటింటి బండల మింద కూలబడింది.
ఇన్నేండ్లు మనం పెట్టింది అన్నం కాదా, ఓబా?
నాకు బదులు రాల్యా.
నిజం చెప్పాలంటే నేను వేరేది లెక్కేసుకుంటాంటి.
నా జీతం, నా ఇకామా
ఆ చెంచాకే కట్టేసి ఉండాయి.
చెంచా పోతే ఓబుళమ్మ యాడికి పోతాది?
ఇప్పుడు సిగ్గయితాది. అప్పుడు కాల్యా.

పొట్టమింద బొత్తాం పెట్టినారు, చొక్కా గుండీ అంత.
రేత్రిపూట మిషను చుక్క చుక్క పోస్తాది.
మందు ఉమ్మేది ల్యా, నేను బతిమాలేది ల్యా.
నాలుగు నెల్లకు ఐదు కిలోలు.
మామా వాని పిక్క పట్టి నాకు చూపించింది
కొత్తగా కొన్న నగ చూపించినట్ల.
నన్ను పంపించల్యా. గొట్టం కడిగేది నాకే నేర్పినారు.

అయినా ఒంటిగంటయితే
నా కుడిచెయ్యి ఊరికే ఉండదు.

ఒకనాడు వంటింట్లో నేను తింటాంటే వాడొచ్చినాడు,
మోకాళ్లు వంచుకోని, గోడ పట్టుకోని.
నా తట్టలో వేలు పెట్టి, నోరు తెరిచినాడు.
ఆకలి కాదది. ఆకలి మిషను తీర్చేసింది.
అడిగినాం. ఖర్జూరపాకం, గోరంత,
నాలిక కొసకు రాయొచ్చన్నారు.
రాసినా.
చప్పరించినాడు. చానాసేపు.
ఓబ్, అన్నాడు.
మిగతా పేరు వానికి ఎప్పుడూ రాల్యా.

నిన్న రేత్రి ఎండు ఖుబ్జు తింటా
నాకే పొలమారింది.
నెత్తి నేనే తట్టుకున్యా.
పక్కగదిలో మిషను పచ్చదీపం,
వాడు నోరు తెరుచుకోని నిద్దర పోతాండాడు.
తల్చుకునింది ఎవురో ఏమో.
పొయ్యి, ఈపుకు చెవి ఆనిచ్చి చూసొచ్చినా.
పొడిగానే ఉంది.